కండె సైగ

ఇప్పలవాగు వనానికి పోయివచ్చిన పూట సిద్దిరాములు రెండు ముద్దలు ఎక్కువ తింటాడు. ఆ సంగతి అతనికి తెలియదు, సక్కుబాయికి తెలుసు. చాట ఒళ్ళో పెట్టుకుని తునికాకు కత్తిరిస్తూ ఆమె కంటికొసతో మొగుడి కంచాన్ని కనిపెడుతూనే ఉంటుంది. ఆకును రేకు అచ్చు మీద పెట్టి చుట్టూ కత్తెర తిప్పడం, తడి ఆకులో చిటికెడు తంబాకు పరిచి చుట్టడం, దారం బిగించి మూతి మడవడం, ఇవన్నీ చేతులు వాటంతట అవే చేసుకుపోతాయి. కళ్ళకు పని లేదు. పని లేని కళ్ళు ఊరికే ఉండవు.

ఆ రోజు అతను తింటూ తింటూ తనలో తాను నవ్వుకున్నాడు. ముద్ద నోటిదాకా పోయి ఆగింది. ఎదురుగా సున్నం రాలిన గోడ తప్ప ఏమీ లేదు. ఆ గోడ మీద ఏదో కనపడ్డట్టు కనుబొమ్మలు పైకి లేచాయి, పెదవి ఒక పక్కకు సాగింది, అప్పుడు ముద్ద లోపలికి పోయింది.

సక్కుబాయి చేతిలో బీడీ మూతి విచ్చుకుంది.

ఆ నవ్వును ఆమె ఎరుగును. కార్ఖానా నడిచిన కాలంలో సాంచాల, అంటే మరమగ్గాల, మధ్య నిలబడి అతను నవ్విన నవ్వు అది. ఆసామి సాంచాలను అమ్మేసి, వాటిని సుత్తెలతో పగలగొట్టి, ఇనుపతుక్కు కింద లారీకి ఎత్తించిన నాటి నుంచి ఆ నవ్వు ఇంట్లో కనపడలేదు. లారీతో పాటే పోయిందనుకుంది. పోలేదన్నమాట. వాగు దగ్గర ఉంది.

“ఏం నవ్వొస్తున్నది?” అని అడిగింది.

అతనికి వినపడలేదు. మరమగ్గాల మోత కింద అరిగిపోయిన చెవులు అవి. గొంతు పెంచి మళ్ళీ అడిగింది. “ఏం లేదు,” అన్నాడు, వీధి చివరిదాకా వినపడేటంత గట్టిగా. చెయ్యి కడుక్కుని, తువ్వాలతో మూతి తుడుచుకుని, అరుగు మీదికి పోయి కూర్చున్నాడు.

ఎదురింటి పోశవ్వ తన చాట పట్టుకుని వచ్చింది. మధ్యాహ్నం దాకా ఇద్దరూ ఒక్కచోటే బీడీలు చేస్తారు. పోశవ్వ ఆకు మీది తడిగుడ్డ తీసి, మెల్లగా మాట మొదలుపెట్టింది.

“నిన్న మా బిడ్డ పిల్లలకు వనం సూపెడుదామని తోలుకపోయిన అక్కా. గా వాగొడ్డుకు తడకల గుడిసె కట్టిండ్రు సూడు, దుప్పులను సూసెటందుకు. బావ గాడ కూసున్నడు.”

“రోజు కూసుంటడు. కొత్తేమున్నది.”

“ఒక్కడే కాదు. గేటు కాడ ఉండే ఆమె లేదా, రిబ్కమ్మ? మిషను చర్చి వెనుక ఇల్లు. గామె పక్కకు కూసున్నది.”

“కూసుంటె కూసున్నది. బెంచీ సర్కారుది.”

“నేనేమంటున్ననే? మాటలు గీటలు ఏం లేవు. ఇద్దరు చేతులు తిప్పుకుంట, నవ్వుకుంట. మా బిడ్డ కూతురు, ‘అమ్మమ్మా, గాళ్ళు మూగోళ్ళా’ అని అడిగింది.”

చివరి మాట పోశవ్వ నవ్వుతూనే అన్నది. సక్కుబాయి కూడా నవ్వాలని చూసింది. కానీ కత్తెర ఆకును పట్టుకుని అక్కడే ఆగిపోయింది.

కూర్చున్నందుకు కాదు. మాట్లాడినా ఇంత మంటగా ఉండేది కాదేమో. చేతులు తిప్పుకుంట అన్నది పోశవ్వ.

సాంచాల మోతలో మనిషి గొంతు పనికిరాదు. చెవి దగ్గర నోరు పెట్టి అరిచినా గాలే తగులుతుంది తప్ప మాట అందదు. అందుకే కార్ఖానాలో పనిచేసిన వాళ్ళకు చేతిమాట వచ్చేది. రెండు వేళ్ళు కత్తెరలా ఆడిస్తే పోగు తెగిందని. లేని మీసం మెలేస్తే ఆసామి వస్తున్నాడని, పని చూసుకొమ్మని. అవి అందరికీ తెలిసినవే. సిద్దిరాములుకూ సక్కుబాయికీ మధ్య ఇంకొన్ని ఉండేవి. అతను సాంచ మీద, ఆమె గోడ వారకు దారం కండెలు చుట్టే రాట్నం దగ్గర. సాంచలో అటూ ఇటూ పరుగెత్తే నాడెలో కండె అయిపోతే అతను పిడికిలి బిగించి, బొటనవేలు నిలబెట్టి, పెదవులకు తాకించేవాడు. వెనుకటికి నాడె కన్నంలోంచి దారపు కొసను నోటితో పీల్చి తీసేవారు కదా, అందుకని. చూపు గుడ్డ మీదే పెట్టి, ఇంకో అరచెయ్యి వెనక్కి చాపేవాడు. ఆమె పోయి ఆ అరచేతిలో నిండు కండె పెట్టేది.

కొన్నిసార్లు కండె అయిపోకున్నా సైగ చేసేవాడు. బుట్ట పట్టుకుని పోతే నాడె నిండుగా ఉండేది. పైకప్పు రేకుల సందున పిచ్చుక పెట్టిన గూడునో, కునుకుతీస్తూ గోడకు తల కొట్టుకున్న గుమాస్తానో కళ్ళతో చూపించేవాడు. చూపించడానికే పిలిచినట్టు ఒప్పుకునేవాడు కాదు. ఆమె తెచ్చిన కండెను బొటనవేలితో తడిమి, ‘వదులుగ చుట్టినవ్’ అని వేళ్ళు విదిలించేవాడు. ఆమె మీసం మెలేసేది. అతను ఉలిక్కిపడి సాంచ వైపు తిరిగేవాడు. ఆసామి ఉండేవాడు కాదు. వాళ్ళ సంసారంలో సగం ముచ్చట్లు ఆ మోత కిందే జరిగాయి.

ఆ చేతులు ఇప్పుడు ఇంకొకామె ముందు తిరుగుతున్నాయి.

“దారం తెగింది అక్కా,” అంది పోశవ్వ.

సక్కుబాయి బీడీ దారాన్ని ఒక పాత చెక్క కండెకు చుట్టుకుని వాడుతుంది. లారీ కదులుతున్నప్పుడు నేలమీద పడి ఉంటే కొంగున కట్టుకుని తెచ్చిన కండె అది. తెగిన కొసను వెతికి పట్టుకోవడానికి ఆమెకు చాలాసేపు పట్టింది.

*

మర్నాడు పొద్దున్నే సర్వపిండి చేసింది. అతను వనానికి పోయేటప్పుడు రెండు ముక్కలు తువ్వాలలో కట్టిస్తుంది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, కరివేపాకు వేసి కలిపింది. కారం వేసేటప్పుడు చెయ్యి ఆగింది. ఒక చెంచా వేసింది. కాసేపు పిండిని చూసింది. మళ్ళీ ఒకటి వేసింది. గుండుగిన్నె లోపలి అంచులకు పిండిని ఒత్తి, వేలితో చిల్లులు చేసి, ఒక్కో చిల్లులో నూనె చుక్క వదిలింది. అది కాలుతుంటే ఘాటుకు తనకే దగ్గు వచ్చింది. ఒక్కడే తింటే వచ్చి తిడుతాడు. ఇంకెవరైనా తింటే అదీ తెలుస్తుంది.

అతను వచ్చేసరికి ఎండ ముదిరింది. చెప్పులు విడిచి, నవ్వుతూ, ఊరంతా వినపడేలా చెప్పాడు. “ఇయ్యాల్ల పిండిల కారం ఎక్కువైందే. రిబ్కమ్మ కండ్ల నీళ్ళు పెట్టుకున్నది పాపం.”

ఎదురింట్లో పోశవ్వ కత్తెర చప్పుడు ఆగింది.

దాచుకుని ఉంటే బాగుండేదని సక్కుబాయికి అనిపించింది. దాచుకుంటే దొంగతనం అవుతుంది, దొంగను పట్టుకోవచ్చు. ఇట్లా తెరిచి చెప్పేవాణ్ణి ఏం పట్టుకోవాలి? పైగా పాపమట. తన కళ్ళు అలిసి నీళ్ళు కారిన రోజున పాపం అన్నాడా? కండెల రాట్నం దగ్గర దూది దుమ్ముకు దగ్గీ దగ్గీ వంగిపోయిన రోజున అన్నాడా? అన్నాడేమో. ఆమెకు అప్పుడు గుర్తు రాలేదు. కడుపులో మంట ఉన్నప్పుడు మంచిమాటలు గుర్తుకు రావు.

“నన్నెప్పుడన్న రమ్మన్నవా గా వనానికి?” అని అరిచింది.

అతను చెవి ఒగ్గి విన్నాడు. “రమ్మన్న. మొదాలు పోయిన నాడే అడిగిన. బీడీలు ఎవలు జేస్తరన్నవ్.”

అది నిజమే. ఒకసారి కాదంటే మళ్ళీ అడిగే మనిషి కాడు అతను. ఆ సంగతీ ఆమెకు తెలుసు.

*

రెండు రోజులు ఊరుకుని, మూడో నాడు అతని వెనుకే బయలుదేరింది. పోశవ్వకు కంపెనీకి ఆకు తేబోతున్నానని చెప్పింది. పోశవ్వ నమ్మలేదు.

వనం గేటు దగ్గర ఎవరూ లేరు. కుర్చీ మీద ఖాకీ చొక్కా ఒకటి వేలాడుతోంది. అక్కడి నుంచి మొరం దారి వాగు వెంట వంకరలు తిరుగుతూ పోతుంది. తెల్లమద్ది చెట్ల మొదళ్ళు నీళ్ళలోకి దిగి ఉన్నాయి. రాతి మీద నీటికాకి రెక్కలు ఆరబెట్టుకుంటోంది, బట్టలు ఆరేసుకునే మనిషిలాగే ఓపికగా. చెక్క వంతెన దాటుతుంటే కింద బురదలో జంట గిట్టల అచ్చులు కనపడ్డాయి. ఏదో నీలంగా నీటి మీద గీత గీసినట్టు పోయింది. చూద్దామని ఆగింది, అంతలోనే లేదు. ఇంత బాగుంటుందని తెలియదు. ఇంత బాగుండటం మీద కూడా ఆమెకు కోపం వచ్చింది.

దారి మలుపులో పలక ఉంది. ఆమె కూడబలుక్కుని చదువుకుంది. ఇక్కడి నుంచి మాట్లాడరాదు, జంతువులు బెదురుతాయి అని రాసి ఉంది. అందుకా చేతులు, అనుకుంది. మనసు కొంచెం చల్లబడబోయింది.

తడకల గుడిసె వెనుకకు పోయి, వెదురు సందులోంచి లోపలికి చూసింది.

బెంచీ మీద సిద్దిరాములు వీపు. పక్కన, ఒక మనిషి కూర్చునేంత ఎడంగా, తెల్లచీర కట్టిన రిబ్కమ్మ. సక్కుబాయి కంటే నాలుగేళ్ళు చిన్నదేమో. ఎదుటి సందులోంచి వాగు, వాగు అవతల గడ్డి. గడ్డిలోంచి ఒక ఆడ దుప్పి వచ్చింది. ముందరి కాలు ఎత్తి, దించకుండా చాలాసేపు నిలబడి, చుట్టూ చూసి, అప్పుడు దించింది. వెనుక చుక్కల పిల్ల.

సిద్దిరాములు దాని మీంచి చూపు తిప్పలేదు. కుడి చెయ్యి పైకి లేచింది. పిడికిలి, నిలబెట్టిన బొటనవేలు. పెదవులకు తాకింది. ఎడమ అరచెయ్యి వెనక్కి చాపుకుంది.

సక్కుబాయి కాళ్ళు ఒక అడుగు ముందుకు వేశాయి. అవి అడగకుండానే వేశాయి.

అప్పటికే రిబ్కమ్మ లేచింది. చప్పుడు లేకుండా మూలకు పోయి నీళ్ళ సీసా తెచ్చి ఆ అరచేతిలో పెట్టింది. అతను చూసుకుని, తల ఆడించి నవ్వాడు. మూత తిప్పి తాగాడు. రిబ్కమ్మ కూడా నవ్వింది.

సక్కుబాయి వెనుదిరిగింది. ఎండుటాకులు కాళ్ళ కింద ఫెళఫెళమన్నాయి. అవతల గడ్డిలో దుప్పులు దుమికిన చప్పుడు వినపడింది. ఆమె ఆగలేదు. వంతెన మీద కొంగు జారి నీళ్ళలో తడిసినా ఆగలేదు. తన సైగతో పిలుస్తున్నాడు. పిలిస్తే రిబ్కమ్మ వస్తోంది. ఇంక చూడవలసింది ఏముంది?

*

ఆ సాయంత్రం అన్నం పెడుతూ, అతని మొఖంలోకి చూడకుండా అరిచింది. “వనం బంద్ వెట్టిండ్రట.”

“ఏందీ?”

“వనం. బంద్.”

“ఎవలన్నరు?”

“అందరనుకుంటున్నరు. సర్కారోళ్ళు మనకు జెప్పి బంద్ వెడుతరా?”

పోయి చూసి వస్తాడని ఆమె లెక్క. అబద్ధం బయటపడుతుంది, తిరిగొచ్చి ఎందుకన్నవని అడుగుతాడు, అప్పుడు కడుపులో ఉన్నదంతా కక్కవచ్చు. కొట్లాటకు మాటలన్నీ వరసగా పేర్చుకుని పెట్టుకుంది.

అతను తెల్లవారి లేచాడు, ఇంకో తువ్వాల భుజాన వేసుకున్నాడు, గడప దాకా పోయాడు. తువ్వాల తీసి మళ్ళీ చిలక్కొయ్యకు తగిలించాడు. అరుగు మీద కూర్చున్నాడు.

చూసి రావాలని అతనికి ఎందుకు తోచలేదో ఆమెకు మధ్యాహ్నానికి గాని అర్థం కాలేదు. కార్ఖానా మూతపడ్డప్పుడూ ఇట్లాగే ఎవరో చాయ్ హోటల్లో బంద్ అన్నారు. ఇద్దరూ నవ్వుకుంటూ సద్ది పట్టుకుని పోయారు. తాళం వేసి ఉంది. సాంచాలను తుక్కుకు అమ్ముతారట అని తర్వాత అన్నారు. అదీ నిజమైంది. పక్క సాంచ హనుమండ్లు పెండ్లాం పిల్లలతో మగ్గాల పనికి భీవండి పోతాడట అన్నారు. పోయి తలుపు తడితే ఇల్లు ఖాళీ. బంద్ అన్న మాట వాళ్ళ బతుకులో ఒక్కసారి కూడా అబద్ధం కాలేదు. అట్లాంటి మనిషికి ఆ మాటే చెప్పింది.

అతను రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు. అప్పుడప్పుడు బొటనవేలు చూపుడువేలి మీద కదిలేది, తెగిన పోగు కోసం తడుముతున్నట్టు. లారీ పోయిన నాడు కూడా అవి అట్లాగే కదిలాయి. అన్నం సగం వదిలేశాడు. వాగు వైపు నుంచి కొంగల బారు ఇళ్ళ మీదుగా పోతే తల ఎత్తి, అవి కనపడకుండా పోయేదాకా చూసి, ఆమె వైపు తిరిగాడు. చెయ్యి మోకాలి మీంచి కొద్దిగా లేచింది. ఆమెను చూసి మళ్ళీ దిగిపోయింది.

ఎందుకు దిగిందో సక్కుబాయికి తెలుసు. కార్ఖానా పోయిన కొత్తలో కిరాణా కొట్టు ముందు అతను చాయపత్త కొందామా అని చేతులతో అడిగాడు. పోరగాళ్ళు చూసి, అట్లాగే చేతులు తిప్పుతూ వెంటపడ్డారు. సిగ్గేసి తనే అన్నది, ‘చేతులు దించు, మూగోళ్ళ లెక్క’ అని. అతను దించాడు. ఆ తర్వాత ఇంట్లో కూడా ఎత్తలేదు. ఎవరెవరో పోయారని ఇన్నాళ్ళూ ఏడ్చింది. దీన్ని మాత్రం పోయినవాటిలో లెక్కపెట్టలేదు.

అయినా వనం తెరిచే ఉందని చెప్పడానికి నోరు రాలేదు. చెబితే పోతాడు. పోతే రిబ్కమ్మ దగ్గరికే కదా పోయేది. ఈ మొఖం పెట్టుకుని ఇక్కడే కూర్చున్నా సరే, కళ్ళముందు ఉంటాడు. మర్నాడు కూడా ఏమీ చెప్పలేదు. బీడీలు వరసగా పాడవుతున్నాయి. “గీ బీడీలు కంపెనీల గంపెడు తీసేస్తరు,” అని పోశవ్వ వాటిని విప్పి మళ్ళీ చుట్టి పెట్టింది.

*

ఆ మరుసటి రోజు అతను మంగలి దగ్గరికి పోయిన వేళ రిబ్కమ్మ గుమ్మంలోకి వచ్చింది. చీర మీద ఖాకీ చొక్కా, చేతిలో మడత పెట్టిన తువ్వాల. వాగు నుంచి ఎండలో నడిచి వచ్చినట్టుంది, మెడ అంతా చెమట.

“బాగున్నవా వదినె?”

వదినె అన్న మాటకు సక్కుబాయి తల ఎత్తింది. ఆ పిలుపును ఆమె ఎదురుచూడలేదు.

“అన్న గుడిసెల తువ్వాల మర్చిపోయిండు. మళ్ళ రానే రాలే. పానం బాగలేదేమోనని జర పరేషాన్ అయిన.”

“కాళ్ళ నొప్పులు,” అంది సక్కుబాయి. ఒక అబద్ధం ఉన్నచోటికి రెండోది తోవ అడగకుండానే వస్తుంది. “కూసో.”

రిబ్కమ్మ గడప అవతలే కూర్చుంది. చాటలోని ఆకు వైపు, గోడ వైపు, తన చేతుల వైపు చూసుకుంది. ఏదో చెప్పడానికి వచ్చి ఎట్లా మొదలుపెట్టాలో తెలియని మనిషిలా చొక్కా గుండీ తిప్పింది. చెప్పనీ, అనుకుంది సక్కుబాయి. ఇంట్లోకే వచ్చి చెప్పనీ.

“ఏమనుకోకు వదినె. అన్నకు షుగరున్నదా?”

“ఏందీ?”

“సూపిచ్చిండ్రా ఎప్పుడన్న? దూప బాగ అయితది ఆయనకు. దుప్పి వచ్చిందంటె సాలు, నీళ్ళడుగుతడు. నెమలి పురి ఇప్పింది, నీళ్ళు. గా నడుమ ఇంత పొడుగు ఉడుము గట్టు మీంచి పోయింది, మళ్ళ నీళ్ళే. తెచ్చిస్తె నవ్వుతడు, వద్దన్నట్టు తల ఊపుతడు, అయినా తాగుతడు పాపం.” ఆమె గొంతు తగ్గించింది. “మా ఇంటాయన అహరోను గిట్లనే ఉండె. మొదాలు దూప. ఎండకనుకున్నం. సూపిచ్చెటాళ్ళకు కాలుకు పుండైంది. కాలు తీసిండ్రు, అయినా దక్కలే. గందుకే సెప్పిపోదామని వచ్చిన. అన్నకేమో వినపడదాయె, గుడిసెల అరవద్దాయె.”

సక్కుబాయి చేతిలో కత్తెర ఉంది. దాన్ని మెల్లగా చాటలో పెట్టింది.

“నీళ్ళు ఎట్ల అడుగుతడు?”

రిబ్కమ్మ పిడికిలి బిగించి, బొటనవేలు నిలబెట్టి, పెదవులకు తాకించింది. “గిట్ల. మొదాలు నేను కల్లు అడుగుతుండేమో అనుకున్న. ప్రభువా, గీ మనిషేందని.” నవ్వుకుంది. “ఇంకో చెయ్యి ఎనుకకు సాపుతడు. సూడను గూడ సూడడు. ఇచ్చేటోళ్ళు ఎనుకనే ఉన్నట్టు.”

సక్కుబాయి ఆ బొటనవేలినే చూస్తూ ఉండిపోయింది. దుప్పి వచ్చినప్పుడు. నెమలి పురి విప్పినప్పుడు. ఉడుము పోయినప్పుడు. ఏది కంటికి బాగున్నా ఆ చెయ్యి లేచింది. కండె అయిపోకున్నా లేచే సైగ అది. దాన్ని అందుకునే మనిషి ఇంట్లో బీడీలు చుడుతూ, మొగుడి కంచంలో ముద్దలు లెక్కపెడుతూ కూర్చుంది.

“ఏమన్న తప్పు మాట్లాడిన్నా వదినె?”

ఆ సైగ అర్థం చెప్పాలని నోటిదాకా వచ్చింది. ఎండలో నడిచి వచ్చిన మనిషి. తన మొగుడు పోయిన తోవ చూసి ఇంకొకరి మొగుడి కోసం భయపడ్డ మనిషి. ఆమెకు ఏమిచ్చినా తక్కువే. కానీ అది ఒక్కటి ఇవ్వబుద్ధి కాలేదు.

“లేదు,” అంది సక్కుబాయి. “ఆయనకు చిన్నప్పటి సంది దూప ఎక్కువనే. షుగరు లేదు, మొన్ననే సూపిచ్చినం. ఫికర్ జెయ్యకు.”

లోపలికి పోయి సర్వపిండి ముక్క ఒకటి ఆకులో పెట్టి తెచ్చింది. రిబ్కమ్మ దాన్ని అనుమానంగా చూసింది.

“తిను. గీ రోజు కారం తక్కువనే.”

*

సిద్దిరాములు గడ్డం నున్నగా గీయించుకుని వచ్చేసరికి సక్కుబాయి వాకిట్లో నిలబడి ఉంది. వీధి అంతా మనుషులే. ఒకరిద్దరు పోరగాళ్ళు కూడా ఉన్నారు. ఆమె కొంగు నడుముకు దోపుకుని, కుడి చెయ్యి ఎత్తి, సాంచ నడిపే హేండిలు గుంజినట్టు గుంజింది. తర్వాత వేలితో వాగు వైపు చూపించింది.

అతను ఆమె చేతిని చూశాడు. వీధిని చూశాడు. మళ్ళీ చేతిని చూశాడు.

“తెరిచిండ్రా?” అన్నాడు.

“బంద్ ఎప్పుడైంది బావా?” అంది పోశవ్వ తన గడప మీంచి. అతనికి వినపడలేదు. సక్కుబాయి తిరిగి చూసిన చూపుకు పోశవ్వ కత్తెర మళ్ళీ పనిలో పడింది.

మర్నాడు పొద్దున ఇద్దరూ కలిసి పోయారు. వంతెన మీద అతను ముందు నడిచి, ఏ చెక్క వదులుగా ఉందో కాలితో తట్టి చూపించాడు. గుడిసె దగ్గర రిబ్కమ్మ లేచి నిలబడి, “కాళ్ళ నొప్పులు తగ్గినయా అన్నా?” అని మెల్లగా అడిగింది. అతను ఆమె పెదవులు చూసి అర్థం కాక నవ్వాడు. “తగ్గినయ్,” అని సక్కుబాయి చెప్పింది.

అతను ఎప్పటి బెంచీ మీద, ఎప్పటి చోట కూర్చున్నాడు. ఆమె కావాలనే వెనుక బెంచీ మీద కూర్చుంది, అతని వీపు కనపడేట్టు. వాగు మీద మంచు ఇంకా విడలేదు. నీళ్ళు రాళ్ళను తడుముతున్న చప్పుడు తప్ప ఏదీ లేదు. ఇంత నిశ్శబ్దంలో అతను ఇన్నాళ్ళూ ఏం విన్నాడో అనుకుంది. విని ఉండడు. చూసి ఉంటాడు. సాంచ ముందు నిలబడ్డట్టే, చూపు ఒక్కచోటే పెట్టి.

గడ్డి కదిలింది. మొన్నటి ఆడ దుప్పే, ముందరి కాలు ఎత్తి నిలబడింది. వెనుక పిల్ల.

సిద్దిరాములు కుడి చెయ్యి లేచింది. బొటనవేలు పెదవులను తాకింది. ఎడమ అరచెయ్యి వెనక్కి చాపుకుంది.

తలుపు దగ్గర రిబ్కమ్మ నీళ్ళ సీసా కోసం వంగింది. సక్కుబాయి అరచెయ్యి ఎత్తి ఆమెను ఆపింది. నడుము దగ్గర దోపుకున్న చెక్క కండెను తీసింది. రాత్రే బీడీ దారాన్ని నిండుగా చుట్టి పెట్టుకుంది. రెండు అడుగులు ముందుకు వేసి, దాన్ని ఆ అరచేతిలో పెట్టింది.

వేళ్ళు ముడుచుకున్నాయి. ముడుచుకుని ఆగిపోయాయి. అతను తల తిప్పలేదు, చూపు దుప్పి మీదే ఉంది, కానీ మెడ నరం ఒకటి బిగుసుకోవడం ఆమెకు వెనుక నుంచి కనపడింది. తర్వాత బొటనవేలు మెల్లగా కండె మీద మొదలు నుంచి కొస దాకా పోయింది, మళ్ళీ కొస నుంచి మొదలుకు వచ్చింది.

వేళ్ళు విదిలించాడు. వదులుగ చుట్టినవ్.

రిబ్కమ్మ సీసా పట్టుకుని అర్థం కాక ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. చూడనీ, అనుకుంది సక్కుబాయి. అతను మొఖం ఇటు తిప్పాడు. కళ్ళు తడిగా ఉన్నాయి, పెదవి ఒక పక్కకు సాగింది. ఆమె మూతి బిగించి, లేని మీసం మెలేసింది.

అతను ఉలిక్కిపడి వాగు వైపు తిరిగాడు. అవతలి ఒడ్డున, గడ్డిలోంచి, పెద్ద కొమ్ములు ఎత్తుకుని మగ దుప్పి నింపాదిగా నీళ్ళకు దిగుతోంది.